సాంచాలు ఆగిన పావుగంట

దయ్యం కథ చెప్పబోయే ప్రతివాడూ ముందుగా తాను దయ్యాల్ని నమ్మనని అంటాడు. నేను దయ్యాల్నే కాదు, ఆ మాట అనేవాళ్లని కూడా నమ్మేవాణ్ణి కాదు. కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మల్లాపూర్ నుంచి వచ్చే పిల్లలు కొరివి దయ్యాన్ని చూశామంటే అది చిత్తడి నేలలో పుట్టి మండే వాయువని బోర్డు మీద దాని పేరు రాసి నోరు మూయించినవాణ్ణి. అందుకే ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. అయినా లోపల పెట్టుకుని తిరగడం నావల్ల కావడం లేదు.

మాది సిరిసిల్ల. నాన్నను మేం బాపు అంటాం. బాపు ముప్పై ఏళ్లకు పైగా సాంచాలు నడిపాడు. మరమగ్గాల్ని మా ఊళ్లో సాంచాలంటారు. మా ఇంటికి నాలుగిళ్ల అవతలి షెడ్డులోనే ఆయన పని. అమ్మ బీడీలు చుడుతుంది. మొన్నటి ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నేను హోలోగ్రాముల పిచ్చిలో ఉన్నాను.

ఫోన్ మీద ప్లాస్టిక్ గోపురం బోర్లించి చూపించే బొమ్మను అందరూ హోలోగ్రామ్ అంటారు. అది ఉత్త గారడీ. అసలుది వేరు. లేజర్ వెలుగును ఒక ప్రత్యేకమైన గాజుపలక గుండా వస్తువు మీద పడనిస్తాం. వస్తువును తాకి తిరిగివచ్చిన వెలుగు ఆ పలకలోనే ముద్ర పడుతుంది. తర్వాత పలకను మందునీళ్లలో కడిగి ఎండలో పట్టుకుంటే, ఆ వస్తువు పలక వెనకే ఉన్నట్టు కనిపిస్తుంది. కిటికీలోంచి చూసినట్టు, తల పక్కకు వంచితే దాని పక్కభాగం కూడా కనిపిస్తుంది.

ల్యాబుల్లో దీనికి ఖరీదైన బల్లలుంటాయి. నేను పాత స్కూటర్ ట్యూబులో సగం గాలి కొట్టి, దాని మీద షాబాదు బండ, బండ మీద తొట్టి, తొట్టి నిండా మానేరు ఇసుక పెట్టుకున్నాను. లేజర్ బ్యాటరీ మీద నడిచేది, దాన్ని ఇసుకలో గుచ్చాను. కడిగే మందు వాషింగ్ సోడా, విటమిన్ సి పొడితో ఇంట్లోనే కలిపాను.

కావలసిందల్లా కదలిక లేకపోవడం. వెలుగు పడే ఆ కొన్ని సెకన్లలో వస్తువు వెంట్రుకలో వందో వంతు కదిలినా బొమ్మ రాదు, ఆ చోటు నల్లగా ఖాళీగా మిగులుతుంది. కోరుట్లలో నా అద్దెగదిలో ఒక నాణేన్ని పెట్టి చేస్తే చక్కగా వచ్చింది. పక్కన ఆనించిన నా వేలు మాత్రం నల్లని మరకయింది. బతికున్న వేలిలో నాడి కొట్టుకుంటూనే ఉంటుంది కదా.

సిరిసిల్లలో మా వాడ సంగతి చెప్పక్కర్లేదు. సాంచాలు నడుస్తుంటే చెంబులో నీళ్లు కూడా వణుకుతాయి. తొమ్మిది పలకలు వరసగా పాడయ్యాయి.

"ఏంది కొడుకా, గాజుముక్కలు నానవెట్టుడేనా నీ పని?" అని బాపు ఎగతాళి చేశాడు. మర్నాడు తనే ఒక పాత నాడె, అంటే సాంచలో నూలు కండెను అటూ ఇటూ మోసుకెళ్లే పనిముట్టు, తెచ్చి ఇచ్చాడు. అంచు పెచ్చు లేచిన కట్టె నాడె. "గిది వెట్టు. ఇగ ఇది సాంచకు పనికిరాదు." సాంచాలు ఆగితే తప్ప ఏ బొమ్మా రాదని చెప్పాను. "అవి ఆగితే మనం ఏం తినాలె?" అని నవ్వుకుంటూ షెడ్డుకు వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ బీడీలు అప్పజెప్పడానికి వెళ్లింది. ఎవరూ తలుపు కొట్టి ఇసుక కదిలించకుండా, ముందు తలుపుకు బయటినుంచి తాళం వేసి వెనక దారిన లోపలికి వచ్చాను. ఫోన్ ఆపేశాను. కిటికీకి దుప్పటి కట్టి, నాడెను ఇసుక మీద పెట్టి దాని ముందు పలక నిలిపి, కరెంటు ఎప్పుడు పోతుందా అని చీకట్లో కూర్చున్నాను.

మూడు దాటాక ఒక షెడ్డు ఆగింది. కాసేపటికి దాని పక్కది. తర్వాత రోడ్డు అవతలివి. అట్లా ఒక్కొక్కటే ఆగుతూ వాడంతా సద్దుమణిగింది.

నేను ఆ వాడలో పుట్టినవాణ్ణి. కరెంటు పోతే సాంచాలన్నీ ఒక్కసారే ఆగుతాయి. ఒకదాని వెనక ఒకటి ఆగాయంటే ఎవరికో ఏదో అయిందని అర్థం. పక్క షెడ్డువాళ్లు తమవి ఆపేసి పరుగెత్తుతారు. చావైతే శవం లేచేదాకా మళ్లీ నడపరు. ఇది మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు తట్టలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఒక్క క్షణం తట్టింది. ఎవరికో ఏమో అనుకున్నాను. ఇట్లాంటి అవకాశం మళ్లీ దొరకదని కూడా అనుకున్నాను.

ఇసుక కుదురుకోవడానికి పది నిమిషాలకు పైగా ఆగాలి. కాలు కదపకుండా, ఊపిరి మెల్లగా తీసుకుంటూ, తొట్టికి ఆరడుగుల దూరంలో కూర్చున్నాను. తర్వాత లేజర్ ముందున్న అట్టను దారంతో లేపి, ఇరవై లెక్కపెట్టి, దించేశాను. పలకను కడిగి అలమరలో ఆరబెట్టి, సంతోషంగా వెనక తలుపు తీశాను.

బాపుతో పనిచేసే రాజేశం మామ సందులో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ముందు నమ్మలేకపోయాడు.

"ఇంట్లనే ఉన్నవా? తాళం జూసి రెండుసార్లు మర్లిపోయిన గదరా. ఫోన్ గూడ కలుస్తలేదు. మీ బాపు నిన్నే అడిగిండు."

సాంచ దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడట. పావుగంట బతికే ఉన్నాడట. ఆటో వచ్చేలోపు పోయాడు. నాలుగిళ్ల అవతల ఆయన నాకోసం అడుగుతున్నంతసేపూ నేను ఇసుక కదలకూడదని కూర్చున్నాను. దీన్ని ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు.

పదకొండో రోజు అయిపోయాక, కిటికీకి కట్టిన దుప్పటి విప్పుతుంటే అలమరలో పలక కనిపించింది. పారేద్దామనే తీశాను. ఎందుకో డాబా ఎక్కి ఎండలో పట్టుకున్నాను.

నాడె వచ్చింది. లేచిన పెచ్చుతో సహా స్పష్టంగా ఉంది. దాని మీద ఒక చేయి ఉంది.

నల్లని మరక కాదు. వెలుగులో నిండుగా, గుండ్రంగా, గోళ్లతో, కణుపుల మీది ముడతలతో ఉన్న కుడిచేయి. బొటనవేలు నాడె గుంతలో ఆనించి ఉంది, నూలు ఇంకా ఎంత ఉందో తడిమి చూసే తీరులో. సాంచాలు నడిపేవాళ్లు అట్లాగే పట్టుకుంటారు. నేను ఎప్పుడూ నడపలేదు.

జగిత్యాలలో నాకు తెలిసిన లెక్చరర్ ఒకాయనకు చూపించాను. పాత పలకనే రెండోసారి వాడి ఉంటావన్నాడు. అది కొత్త పాకెట్టులోది. అయితే తెలియకుండా నీ చేయే పెట్టి ఉంటావన్నాడు. సాంచాలకు సెలవు వచ్చిన రోజు అదే గదిలో, అదే నాడె మీద నా చేయి పెట్టి ఇరవై లెక్కపెట్టి చూశాను. నాడె వచ్చింది. చేయి ఉన్నచోట నలుపే వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. నాడి ఆడుతున్న ఏ చేయీ అందులో పడదు. అంటే అక్కడున్న చేయి ఎంత నిశ్చలంగా ఉండాలో నాకు బాగా తెలుసు. దాని గురించి ఆలోచించిన రోజు నాకు నిద్ర ఉండదు.

బాపు పోయింది ఏ నిమిషాన? ఎవరూ గడియారం చూడలేదు. నేను అట్ట లేపింది ఎన్నింటికి? నేనూ చూడలేదు.

అమ్మకు చూపించకూడదనే అనుకున్నాను. నాలుగు నెలలు దాచాను. ఒకరోజు నా సంచి సర్దుతూ ఆమే బయటికి తీసి ఇదేందని అడిగింది. డాబా మీదికి తీసుకెళ్లి ఎండకు ఎట్లా పట్టుకోవాలో చూపించాను. ఏడుస్తుందని భయపడ్డాను. ఏడవలేదు. ఎవరి చేయి అని కూడా అడగలేదు. తల ఎడమకు వంచింది, కుడికి వంచింది, తర్వాత మోకాళ్ల మీద కూర్చుని కిందినుంచి పైకి చూడసాగింది. ఏం చేస్తోందో నాకు కాసేపు అర్థం కాలేదు. పలక అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది, అంతే. మణికట్టు దగ్గర అంచు వచ్చేస్తుంది. అమ్మ ఆ అంచు దాటి చూడాలని ప్రయత్నిస్తోంది.

చివరికి పలక నా చేతిలో పెట్టింది.

"గింత చిన్నది వెట్టినవేందిరా? జెర పెద్దది వెడితే మొకం గూడ అస్తుండె గదా."

ఆ చేయి ఎట్లా వచ్చిందని అమ్మ ఇంతవరకూ నన్ను అడగలేదు.