మూడో ఫాస్ట్ బౌలర్

ఎవరికైనా ఆల్‌టైమ్ టీమ్ ఎంచుకోవడం సరదా. మా ఊళ్ళో అది పంచాయితీ.

హైస్కూల్ గ్రౌండ్‌లో టోర్నమెంట్ పెడుతూ కుర్రకారు ఒక ఆలోచన చేశారు. ఇన్నేళ్ళలో ఊరి తరఫున ఆడినవాళ్ళలోంచి పదకొండు మందిని ఎంచి, వాళ్ళ ఫోటోలతో సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టాలని. ఎంచే పని మా పాత జట్టుకు అప్పగించారు. అప్పట్లో మా కెప్టెనూ కీపరూ ఒక్కడే, ఇప్పుడు ఎరువుల కొట్టు నడుపుతున్నాడు. ఒక సాయంత్రం ఆ కొట్టు ముందే కూర్చుని మొదలుపెట్టాం.

టీ చల్లారేలోపే బ్యాట్స్‌మెన్ తేలిపోయారు. మా ఊళ్ళో బ్యాటింగ్ వచ్చినవాళ్ళు ఎప్పుడూ తక్కువే, ఎంచడానికి ఏముంది? అసలు కథ ఫాస్ట్ బౌలర్ల దగ్గరే. మా ఊరికి పేరు తెచ్చింది వాళ్ళు. నల్లరేగడి పిచ్, కార్క్ బాల్. ఎండి బీటలిచ్చిన రేగడి మీద పడ్డ బంతి ఎటు లేస్తుందో వేసినవాడికి కూడా తెలియదు. రాజుపాలెం నుంచి వచ్చే జట్టు టాస్ సంగతి తర్వాత, ముందు ఇవ్వాళ ఎవరు వేస్తున్నారని అడిగేది.

మొదటి పేరు మీద గొడవ లేదు. మాకంటే పెద్దవాడు, లారీ మెకానిక్, ఊరందరికీ భాయ్. షెడ్డు నుంచి గ్రీజు చేతులతోనే వచ్చి, చెప్పులు పక్కన విడిచి, ఉత్తకాళ్ళతో పరిగెత్తుకుంటూ వేసేవాడు. రెండో పేరు నాది. వినయం నాకు చేతకాదు కాబట్టి నేనే చెప్పాను, ఎవరూ కాదనలేదు. మూడో పేరూ నేనే చెప్పాను. అప్పుడు అందరికీ ఒక్కసారిగా ఫోన్లలో పని పడింది.

అతను నా జోడీ. నేను బడి వైపు నుంచి వేస్తే అతను రోడ్డు వైపు నుంచి వేసేవాడు. ఫాస్ట్ బౌలర్లను కాడెద్దుల్లాగా జతగా చూడాలి, విడివిడిగా లెక్కేస్తే తప్పు. అతని బంతి పక్కటెముకలకు తగిలి భయపడ్డవాడు పారిపోయి నేను వేసే వైపుకొచ్చి అవుటయ్యేవాడు. నేను చెప్పుకునే వికెట్లలో సగం అతని పుణ్యమే.

కానీ అతనిది అవతలి పార్టీ. మా పల్నాడు పల్లెల్లో పార్టీ అంటే ఓటు ఒక్కటే కాదు. ఎవరి కొట్లో టీ తాగాలో, ఎవరి పెళ్ళికి వెళ్ళాలో అదే చెబుతుంది. ఎన్నికలయ్యాక గెలిచినవాళ్ళు ఊళ్ళో ఉంటారు, ఓడినవాళ్ళలో కాస్త కనబడేవాళ్ళు దెబ్బలకు భయపడి తట్టాబుట్టా సర్దుకుని ఊరు విడుస్తారు. ఒకసారి నేనూ సర్దుకుని మాచర్లలో అద్దెకున్నాను. ఇప్పుడు మావాళ్ళు గెలిచారు, అతను నరసరావుపేట పోయాడు. వానాకాలం, ఎండాకాలం లాగా ఇదీ ఒకటి వస్తూ పోతూ ఉంటుందని మా పిల్లలు కూడా అనుకుంటున్నారు. నాకు భయం వేసేది అందుకే.

"ఆడు బాగా ఏస్తాడు, కాదనేదెవరు? సెంటర్లో ఆడి బొమ్మ కడితే మనోళ్ళు ఊరుకుంటారంట్రా?" అన్నాడు కెప్టెన్.

"ఆడేసిన బంతికి పార్టీ ఉందా అన్నా? ఆ బంతులు పట్టీ పట్టీ వంకరపోయిన వేలు, ఏదీ, ఓసారి చూపియ్యి అందరికీ" అన్నాను.

అతని బదులు మా పార్టీ వైపు కుర్రాడొకణ్ణి పెడదామన్నారు. రెండు సీజన్లు ఆడాడు, అంతే. నాకు తిక్క రేగింది. "ఆడు ఏస్తే మా ఆవిడ కొడద్ది సిక్సు" అన్నాను. నవ్వారు గానీ ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నన్ను దెప్పారు. నేనూ వదల్లేదు. అతను లేకపోతే నా పేరూ తీసెయ్యమని కూర్చున్నాను.

చివరికి కెప్టెన్ దిగొచ్చాడు. పాము చావకుండా కర్ర విరగకుండా ఒక దారి వెతికాడు. ఫోటో పెడదాం, కింది వరసలో. కట్టేరోజు మాత్రం అతను ఊళ్ళోకి రాకూడదు. అంతే చాలనుకున్నాను. ఊరు మారుతుందేమోనన్న ఆశ కూడా పుట్టింది, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

తెల్లారి నరసరావుపేట బస్సెక్కాను. అతను రెండు గదుల ఇంట్లో ఉన్నాడు. ఒంటి మీద పురుగుమందు వాసన. ఎక్కడో కూలికి పోతున్నాడేమో అనుకున్నాను, అడగలేదు. టీమ్ మొత్తం చెప్పించుకున్నాడు. "ఆ రేగడి మీద స్పిన్నర్ ఎందుకురా బావా, దండగ" అని నవ్వాడు. భాయ్ పేరు వినగానే లేచి నిలబడి ఆయన పరుగు చేసి చూపించాడు. ఆ కాసేపూ మా ఇద్దరికీ ఇరవయ్యేళ్ళే. అప్పుడు అతని ఫోటో సంగతి చెప్పాను.

వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

"నిన్నెవరు పెట్టమన్నార్రా?"

అతను కోప్పడగా నేనెప్పుడూ చూడలేదు. గ్రౌండ్‌లో కూడా నోరు జారే మనిషి కాదు.

మెల్లగా చెప్పాడు. ఊరి చివర అతని మిర్చి చేను ఉంది. చీకటితో బయల్దేరి, కాలవ కట్ట మీదుగా అవతలి ఊరి వైపు నుంచి చేలో దిగుతాడు. కూలోళ్ళనూ అక్కడి నుంచే తెచ్చుకుంటాడు. ఊళ్ళోకి అడుగుపెట్టడు. పొద్దు వాలకముందే వెళ్ళిపోతాడు.

"మీవాళ్ళు కొందరికి తెలుసు. చూసీ చూడనట్టు పోనిస్తన్నారు. సెంటర్లో నా బొమ్మ లేసిందనుకో, ఈడింకా ఊళ్ళోనే ఉన్నాడా అని ఎవడో ఒకడు అంటాడు. ఆ మాట చాలు బావా. కాయ చేలోనే రాలిపోద్ది. తీసేయించు. నాకే ఇష్టం లేదన్నానని చెప్పు. చేను మాట మాత్రం ఎత్తమాక."

ఆ తర్వాత తన చోట్లో ఎవరిని పెట్టాలో కూడా తనే చెప్పాడు. మా వైపు కుర్రాడినే. "చానా బాగా ఏసేవాడులే" అన్నాడు. ఆ కుర్రాడి బంతులు ఎన్ని మా బడి ప్రహరీ దాటాయో ఇద్దరికీ తెలుసు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా కళ్ళాల్లో మిర్చి ఆరబోసి ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. సొంత చేలోకి దొంగలా దిగేవాడికి నేను ఫ్లెక్సీలో చోటిప్పించాను!

కొట్టు దగ్గర ఒక్క ముక్కే చెప్పాను. "ఆడికి ఇష్టం లేదంట."

కెప్టెన్ మొహం తేలికపడింది. వెంటనే గొంతు పెంచాడు.

"చూశారా? ఇంతమందిని ఎదిరించి ఈడు కొట్లాడితే, ఆడికి అక్కర్లేదంట! ఊరంటే ఆడికంత చులకన."

అందరూ తలలూపారు. నోటిదాకా వచ్చిన చేను మాట మింగేశాను. ఫ్లెక్సీ కట్టారు, నా పక్కన ఆ కుర్రాడు నవ్వుతూ ఉన్నాడు. ఊరు పిలిస్తే రానన్నాడని ఆ సీజనంతా టీ కొట్లో చెప్పుకున్నారు. వాళ్ళు ఆ మాట అంటున్న పూట అతను ఊరి చివర వంగి కాయ కోస్తూ ఉండేవాడు, నేను టీ తాగుతూ వినేవాణ్ణి.

కోతలవగానే అతను చేను అమ్మేశాడు. ఇక దాచాల్సింది ఏమీ లేదు కాబట్టి ఇది రాస్తున్నాను.