యాకోబు లైన్లు

ఒకే ఇంగ్లీషు మాట ఒక మనిషి బతుకునంతా ఎందుకు ఆక్రమించుకుంటుందో ఇప్పటికీ అంతుచిక్కదు. యాకోబు పుట్టింది అల్వాల్ దగ్గరి పటాలం లైన్లలో, దొరల వంటవాళ్లకిచ్చిన వరుస గదుల్లో. కొలువు మేడ్చల్ రైలు లైను మీద. యుద్ధం రోజుల్లో రేషన్ జొన్నల కోసం ఆయన భార్య ఎలీషమ్మ ఎండలో నిలబడ్డదీ లైనే.

"కూసుండే లైను ఒక్కటన్న లేకపాయె," అనేదామె.

యాకోబు కీమాన్. తెల్లారగానే సుత్తె భుజాన వేసుకుని, పట్టాలను పట్టి ఉంచే చీలలు ఎక్కడ వదులయ్యాయో చూసి కొట్టుకుంటూ నడవాలి. తన వంతు దారి ముగిసే హద్దు రాయి దగ్గర, బొల్లారం వైపు నుంచి నడిచొచ్చే కీమాన్ చోటే మియా ఎదురయ్యేవాడు. ఇద్దరూ ఒక బీడీ పంచుకుని ఎటువాళ్లటు తిరిగేవాళ్లు.

పంతొమ్మిది వందల నలభై ఆరులో యాకోబు మోకాలు వాచింది, ఆ వాపు మళ్లీ దిగలేదు. కొలువు పోతే రైల్వే వాళ్లిచ్చిన క్వార్టరూ పోతుంది. సంగతి ఎవరూ చెప్పకుండానే చోటే మియా హద్దు రాయి దాటి వచ్చి సగం దూరం తానే కొట్టడం మొదలుపెట్టాడు.

"గిది నా హద్దు భాయ్," అన్నాడు యాకోబు.

"నీ హద్దు నాకేం జాగీరు రాసియ్యమంటలేను. కూసో."

యాకోబు కంకర మీద కాలు చాపుకుని, తన పని మీద ఇంకొకడి సుత్తె మోగడం వింటూ కూర్చునేవాడు. ఆ కూర్చోవడం నడకకన్నా అలసటగా ఉండేది.

వానలు పడ్డాక ఒక సాయంత్రం కీమాన్ల మీది మేస్త్రి జంగయ్య క్వార్టరు ముందుకు వచ్చాడు. తిట్టలేదు. అరుగు మీద కూలబడ్డాడు.

"మియా హద్దుల చీలలు వదులుగున్నయి యాకోబూ. ఈడ కొట్టుకుంట ఆడ ఇడిసిపెడుతుండు. ట్రాలీ మీద దొర తనిఖీకొస్తే ముందుగాల పోయేది ఆయన కొలువే."

"ఆయనకు చెప్పినవా?"

"చెప్తే ఇంటడా? ఇగ నీ హద్దుకు రానని నాతోని అంటడు, మల్ల తెల్లారి వస్తడు."

యాకోబు లోపలికి వెళ్లి సుత్తె తెచ్చి మేస్త్రి పక్కన పెట్టాడు. జంగయ్య వద్దనలేదు.

పొద్దున ఎలీషమ్మ గిన్నెలు మూట గట్టింది. అల్వాల్‌లో యాకోబు తమ్ముడింట్లో ఒక గది ఉంది.

"మియాకు ఒక మాట చెప్పి పోదమా?" అంది.

"చెప్తే ఆపుతడు. ఆపితే ఆగుత."

రైలుబండి వచ్చింది. యాకోబు హద్దు రాయి కనబడే వైపు కూర్చోలేదు.