గ్లాసులోంచి రాహుకాలం

ఈ పరాయి దేశంలో, మేముండే హారిసన్‌లో, మా పక్కింటి ద్వారకానాథ్ పన్నెండేళ్లుగా గ్యారేజీలో బీరు కాస్తున్నాడు. అన్నేళ్లలో ఒక్కసారీ అది తేటగా రాలేదు. రుచికి వంక పెట్టలేం గానీ, చూడ్డానికి పల్చటి మజ్జిగే.

కారణం ఆయన భార్య సత్యభామ. బీరు తేటపడటానికి చాలామంది జెలటిన్ వేస్తారు. అది పశువుల ఎముకల్లోంచి తీస్తారని ఆవిడ ఎక్కడో చదివింది. ఇక ఇంట్లోకి రానిస్తుందా? గ్యారేజీ గోడకున్న హెలెన్స్‌బర్గ్ గుడి క్యాలెండరు చూపించి పందెం వేసింది.

"అది లేకుండా తేర్చి చూపించండి. గ్లాసులోంచి ఆ రాహుకాలం అంకెలు చదవగలిగిన రోజు నేనూ ఒక గుక్క తాగుతా."

ఆ గుక్క కోసం ఈయన కొనని సామాను లేదు. మొదట కుళాయి ఉన్న ప్లాస్టిక్ బకెట్టు. కుళాయి తిప్పితే మడ్డే ముందొచ్చేది. తర్వాత పెద్ద గాజు సీసా. ఎత్తబోతే నడుం పట్టేసింది. చివరికి అడుగున గరాటులా సన్నబడే తొట్టి కొన్నాడు. మడ్డి కింద బిగించిన చిన్న సీసాలోకి దిగుతుంది, దాన్ని విప్పి పారబోయడమే. పైనుంచి తేట మాత్రం లాగే తేలుడు గొట్టం కూడా అమర్చాడు. వాటిని తోమేది మాత్రం సత్యభామే. ఆవకాయ జాడీకి పెట్టిన కట్టుబాట్లన్నీ బీరుకీ పెట్టింది. "తడి చెయ్యి పెట్టకండి!" అన్న కేక మా ఇంటికి వినిపించేది.

కిందటి ఆగస్టులో ఆవిడ ఆఫీసులో కూర్చున్న కుర్చీలోనే పోయింది.

ద్వారకానాథ్ ఏడవలేదు. ఆఫీసుకెళ్లాడు, అన్నం వండాడు, కూతురు భానుశ్రీని స్కూల్లో దింపాడు. ఎవరడిగినా "బాగానే ఉన్నానండీ" అన్నాడు. నాకు మొదట భయమేసింది, తర్వాత, నిజం చెప్పొద్దూ, చిరాకేసింది.

మే నెలలో మళ్లీ తొట్టి కడిగాడు. సంతోషం పట్టలేక నేనే ఒక జెలటిన్ ప్యాకెట్టు కొనుక్కెళ్లాను.

"ఇంకా ఎవరి కోసమండీ ఆ పట్టింపు?" అనేశాను.

ఆయన ప్యాకెట్టు తిరిగి నా చేతిలో పెట్టాడు. "పందెం ఇంకా ఉందండీ," అన్నాడు, బస్సు నంబరు చెప్పినట్టు. నాకు సిగ్గేసింది.

రెండు వారాలు పులిశాక మడ్డి తీసేసి, ఫ్రిజ్జులో ఒక డిగ్రీ చలిలో ఉంచాడు. ప్రతి ఆదివారం ఒక గ్లాసు పట్టి క్యాలెండరుకి ఆనించేవాడు. "ఇంకా తేరుకోలేదు," అని సింకులో పారబోసేవాడు. భానుశ్రీకి ఆ మాట అలా పట్టుబడింది.

మూడో ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో కొడుకు దగ్గరుంటున్న సత్యభామ తల్లి, వారంవారం చేసినట్టే, మనవరాలికి ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టింది పిల్ల.

"మీ నాన్న తేరుకున్నాడా తల్లీ?"

"ఆల్మోస్ట్, అమ్మమ్మా! లాస్ట్ వీక్ ఫుల్ క్లౌడీ. నౌ మడ్డి అంతా బాటమ్‌కి దిగింది. డాడ్ చెక్ చేస్తున్నాడు."

"ఏం దిగిందీ?"

నాకు నవ్వొచ్చింది. ఇంటి నిండా బీరు గొడవే విన్న పిల్లకి తేరుకోవడమంటే బీరే గదా.

అప్పుడు ద్వారకానాథ్ గోడ దగ్గర్నుంచి మెల్లగా చదివాడు. "ఆదివారం. నాలుగున్నర నుంచి ఆరు."

"తేరుకుంది అమ్మమ్మా! సో క్లియర్!" అని అరిచింది భానుశ్రీ.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. పాత బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని ఫోన్ తీసుకున్నాడు.

"అత్తయ్యగారూ, తేరుకున్నది బీరండీ. నేను కాదు."

ఆవిడ, ఏం అడగాలో తెలియకేమో, "తాగావా బాబూ?" అంది.

"లేదండీ. సత్య ఓడిపోయింది. మొదటి గుక్క తనదే," అన్నాడు. పది నెలల తర్వాత, అప్పుడు ఏడ్చాడు.