గ్లాషా ఎడమకాలి బూటు

ఎర్రసైన్యంలోని ఆ కంపెనీకి సామాన్ల సార్జెంటు పఖోమ్ లూకిచ్. యుద్ధానికి ముందు సహకార దుకాణంలో గోదాము చూసేవాడు. పైకోట్లు, హెల్మెట్లు, రైఫిళ్ళు, ఆఖరికి బూటులో దోపుకునే చెంచాలు కూడా తన కడుపున పుట్టినట్టే చూసుకునేవాడు. ఇవ్వమంటే ముఖం మాడ్చుకుంటాడు, ఇచ్చాక నీడలా వెంటపడతాడు. ఇలాంటి పిసినారి ఒకడు లేకపోతే ఏ కంపెనీ అయినా వారం తిరిగేసరికి వట్టికాళ్ళతో నిలబడాల్సిందే.

నర్సుగా గ్లాషా వచ్చేనాటికి గోదాములో ఉన్నవన్నీ మగవాళ్ళ బూట్లే. అన్నిట్లోకీ చిన్న జత వెతికిచ్చినా, ఆ పిల్ల రెండు పాదాలూ ఒక్కదాంట్లోనే పట్టేలా ఉన్నాయి.

"బాబాయ్, ఇవి బూట్లా, పడవలా? కాస్త కోయించి చిన్నవి చేయించవూ?"

"సర్కారు తోలు మీద కత్తెరా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు. ఇంకో గుడ్డ చుట్టుకో."

మేజోళ్ళ బదులు అందరూ కాళ్ళకు గుడ్డలే చుట్టుకునేవారు. గ్లాషా మూడేసి చుట్టుకుని బాతులా నడిచేది.

మంచు కరిగి పొలాలన్నీ బురదైన రోజుల్లో, ముందు వరుసకు తూటాల పెట్టె మోసుకెళ్తున్న పఖోమ్ పిక్కలో ఫిరంగి గుండు ముక్క దిగింది. గ్లాషా పాకుతూ వచ్చి, మోకాలి పైన కట్టు బిగించి, అతన్ని డేరాగుడ్డ మీదికి దొర్లించి ఈడ్వసాగింది. కాస్త దూరం సాగిందో లేదో, ఆమె ఎడమ బూటు బురదలో దిగబడింది. కాలు వచ్చింది, బూటు రాలేదు.

"ఆగు! బూటు!"

"పోతే పోనీ! మెషీన్‌గన్ వాయించేస్తున్నాడు, వినబడట్లేదూ?"

"అది సర్కారు సొత్తే! వెనక్కి పద!"

"ఇద్దరిలో ఒకర్నే లాగగలను బాబాయ్. నువ్వా, బూటా?"

పఖోమ్ నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ఆ సందులో గ్లాషా అతన్ని ఇంకాస్త దూరం లాగేసింది.

ముందు పాకుతున్న ఆమె కాలు సరిగ్గా అతని కళ్ళెదుటే ఉంది. గుడ్డలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. బయటపడ్డ పాదం చిన్నపిల్లదిలా ఉంది. మడమంతా పుండే. ఈ కాళ్ళతోనే ఇన్నాళ్ళూ మనుషుల్ని మోసుకొచ్చింది. పఖోమ్‌కు సిగ్గేసింది. దారి పొడుగునా మళ్ళీ బూటు మాట ఎత్తలేదు.

వైద్యుల డేరాలో డాక్టరు అతని బూటు కోయడానికి పెద్ద కత్తెర తీశాడు. గొడవ తప్పదనుకుని గ్లాషా పఖోమ్ భుజాలు అదిమి పట్టుకుంది.

"కోయండి," అన్నాడు పఖోమ్. "కాకపోతే కుట్టు వెంబడి కోయండి, తోలు పాడవకూడదు. రెండోది కూడా విప్పి, రెండూ బూట్లు కుట్టేవాడికి పంపండి, ఈ పిల్ల కొలతకి ఓ జత కుట్టమనండి. ఏయ్ పిల్లా, నీ కాలు ఇలా బల్ల మీద పెట్టు."

బురద పాదం పక్కన చెయ్యి చాచి కొలిచాడు.

"జానెడు కూడా లేదు కదే తల్లీ," అని సార్జెంటు భోరుమన్నాడు.