వీట్స్కే యాపిల్ కేకు

నెదర్లాండ్స్‌లో, డెల్ఫ్ట్‌లోని ఆ ప్రయోగశాలలో ఒక కట్టుబాటు ఉంది: ఎలక్ట్రానిక్ చిప్పును చంపినవాళ్లు, అంటే పనికిరాకుండా చేసినవాళ్లు, మర్నాడు కేకు తేవాలి. అందుకే వీట్స్కే చేతి యాపిల్ కేకు రుచి అక్కడ అందరికీ తెలుసు. ఆమె జుట్టు నెరిసింది ఆ గదుల్లోనే. విపరీతమైన చలిలో కరెంటును ఏ అడ్డూ లేకుండా పోనిచ్చే లోహాన్ని పల్చటి పొరగా పరిచి, అందులోంచి సన్నటి తీగలు చెక్కుతుంది. మైక్రోవేవ్ తరంగం తగిలితే ఒక్కో తీగ తనదైన స్థాయిలో మోగాలి; మోగకపోతే ఆ చిప్పు చచ్చినట్టే.

ఈసారి పొరను ఇదివరకటి కంటే బాగా పల్చగా పరిచింది. శీతలయంత్రంలో చల్లబడ్డాక చూస్తే, మోగాల్సిన చోట ఏమీ మోగలేదు.

"పోయింది తల్లీ!" అన్నాడు పక్క బల్ల యోస్ట్. "ఈసారైనా దాల్చినచెక్క కాస్త ఎక్కువెయ్యి."

వీట్స్కేకి ఒళ్లు మండింది. ఆ కోపమంతా ఇంటికెళ్లి పిండి మీద చూపించింది. మర్నాడు వానలో సైకిలు మీద కేకు తెచ్చి, కాఫీ వేళకి కోయసాగింది.

"ఇంత పల్చగానా? పిసినారీ!" అన్నాడు యోస్ట్.

ఆమె చెయ్యి ఆగిపోయింది. పల్చటి పొరలో కరెంటు బద్ధకంగా కదులుతుంది, స్వరం కిందికి జారుతుంది. తను నిన్న వెతికింది పాత మందానికి లెక్కగట్టిన చోట!

కత్తితోనే యంత్రం దగ్గరికి పరుగెత్తింది. ఇంకా కింది స్థాయిల్లో వెతికితే, తెర మీద గీత ఒక్కో తీగ మోగే చోటా సూదిమొనలా దిగింది. ఇంత శుభ్రంగా ఏ చిప్పూ ఇదివరకు మోగలేదు.

నోటినిండా కేకుతో యోస్ట్ వచ్చాడు. "అరె, బతికే ఉందే!"

"ఉంది. బతికున్నదాన్ని పోయిందని చంపింది నువ్వే," అంటూ వీట్స్కే కత్తి అతని చేతిలో పెట్టింది. "రేపు కేకు తేవడం నీ వంతు. దాల్చినచెక్క కాస్త ఎక్కువెయ్యి."