కుందేలు ఎక్కిన మెట్లు

మా బడికి ట్యాబులు వచ్చిన ఏడాది నేను నాలుగో తరగతికి చెప్పేదాన్ని. భీమవరం దగ్గర, చుట్టూ రొయ్యల చెరువులున్న ఊరు. ట్యాబులో లెక్కల ఆట ఒకటి ఉండేది. సరైన జవాబు నొక్కితే కుందేలు ఒక మెట్టు ఎక్కుతుంది, తప్పయితే అక్కడే కూర్చుంటుంది. పైకి వెళ్ళేకొద్దీ లెక్కలు కష్టమవుతాయి. ఎవరి కుందేలు ఎక్కడుందో ప్రతి శనివారం పై ఆఫీసుకు తెలిసిపోయేది.

తరగతిలో ఒక ఆడపిల్ల ఉండేది, దాని కుందేలు మూడో మెట్టు మీదే ఉండిపోయింది. తీసివేతలో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం ఆ పిల్లకు పట్టుబడలేదు. నాకేమో ఖాళీ గడి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఏళ్ళ తరబడి రిజిస్టర్లు నింపి నింపి తెచ్చుకున్న జబ్బు అది. మధ్యాహ్నం పిల్లలు భోజనాలకు వెళ్ళగానే దాని ట్యాబు తీసి నాలుగు లెక్కలు నేనే నొక్కాను. కుందేలు గెంతింది. సిగ్గేమీ వేయలేదు, సరదాగానే అనిపించింది. మర్నాడూ నొక్కాను.

ఆట ఊరుకుంటుందా? పిల్లకు తీసివేతలు వచ్చేశాయనుకుని భాగహారాలు ఇవ్వడం మొదలుపెట్టింది. పిల్ల ట్యాబు ఒళ్ళో పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చునేది. ఏడవలేదు, అడగలేదు. ఇక ఆపేద్దామనుకునేదాన్ని. అయినా ఆపితే ఎందుకు ఆగిందని పైవాళ్ళు అడుగుతారని మళ్ళీ నొక్కేదాన్ని.

ఒక సోమవారం కబురొచ్చింది. మండలం మొత్తానికి ఆ పిల్లే మొదట ఉందట. శుక్రవారం భీమవరంలో అధికారుల ముందు, పెద్ద తెర మీద, అందరూ చూస్తుండగా ఆడి చూపించాలట.

వాళ్ళ నాన్న చెరువుల్లో మేత చల్లే మనిషి. పని మధ్యలో చేతులు కడుక్కుని బడికి వచ్చాడు.

"అంతా మీ దయేనండి మేడం గారూ. మా ఇంట్లో ఎవరికీ లెక్కలు రావండి," అన్నాడు.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. "శుక్రవారం మంచి గౌను వేసి పంపండి," అన్నాను.

ఆ నాలుగు రోజులూ తీసివేతలతో పిల్లను చంపుకుతిన్నాను. సున్నా ఉన్న ప్రతి చోటా తప్పే చేసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

గురువారం బడి వదిలాక పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. దాని మొహంలో భయమన్నదే లేదు.

"రోజూ కిటికీలోంచి చూస్తున్నానండి మేడం గారూ," అంది. "రేపు కూడా మీరే నొక్కుతారు కదండి? నేను పక్కన కూర్చుంటానండి."