అక్క బాగుచేసిన కంప్యూటర్

మా అక్కకు ఒక జబ్బుంది. చెడిపోయిన వస్తువు కళ్ళ ముందుంటే ఊరుకోలేదు. ఇంట్లో గోడ గడియారం, పక్కింటివాళ్ళ ఇస్త్రీపెట్టె, నా గొడుగు, ఏదైనా సరే విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ పనిలో పెట్టేదాకా ఆమెకు తోచదు. చిన్నప్పుడు అందరం తెగ మెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ మెచ్చుకోలు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అక్క కలప డిపోలో బిల్లులు కొడుతుంది. కింద ముందు గదిలో ఆమె బల్ల. రంపపు పొట్టు కిటికీలోంచి వచ్చి కీబోర్డు మీద పేరుకుంటూ ఉంటుంది. ఓనరు గది మేడ మీద. ఆయన దిగడం తక్కువ, పిలవడం ఎక్కువ. అక్క ఇల్లు అక్కడికి పావుగంట నడక. అక్కడ మంచం మీద మా బావ. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. తనంతట తాను ఒత్తిగిల్లలేడు. మధ్యాహ్నం డిపోలో ఇచ్చే అరగంట ఇంటికి పోయి రావడానికే సరిపోతుంది. అందుకని అక్క భోజనాల గంట కొట్టకముందే లేచి పరుగెత్తేది. బావను ఇటు నుంచి అటు తిప్పి, వీపు తుడిచి, తినిపించి, ఆలస్యంగా వచ్చి కూర్చునేది. రంపం దగ్గర పనివాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పైనున్న ఆయనకే తెలియదు.

డిపోలో కంప్యూటర్ బాగా పాతది. అందరూ దాన్ని ‘ముసలాయన’ అనేవాళ్ళు. ఒక బిల్లు తెరవమంటే మూలిగి మూలిగి, కలప కొనడానికి వచ్చినవాడికి విసుగు పుట్టాక తెరిచేది. చివరికి ఓనరు కొత్తది కొందామన్నాడు. పాతదాన్ని ఏం చెయ్యాలో తర్వాత చూద్దామన్నాడు. ఆ మాటతో అక్కకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే లెక్కలు ఎక్కించే పని పంపిస్తానని ఒక ఆడిటరు ఆమెకు ఎప్పుడో మాటిచ్చాడు. కొనే స్తోమత లేక ఆ మాట అలాగే ఉండిపోయింది. ఈ పాతది దొరికితే డిపో మానేసి బావ పక్కనే కూర్చుని పని చేసుకోవచ్చు. ఆ సాయంత్రమే బావకు చెప్పేసింది. మంచం పక్కన బల్ల వెయ్యడానికి ఇద్దరూ చోటు కూడా చూసుకున్నారు.

కొత్తది బిగించడానికి వచ్చిన రిపేరు ఆయన తలపండినవాడు. అక్క ఆశ కనిపెట్టాడు.

“అమ్మా, నా మాట విను. ఇది చచ్చిపోయిందని చెప్పు. నేనూ అవునంటాను. పాతసామాను కింద నీకే పడేస్తాడు.”

“బాగానే ఉన్నదాన్ని అలా ఎలా చెప్పనండీ? అడిగితే ఇవ్వరా?” అంది అక్క.

అక్కడితో ఊరుకుందా? సెలవురోజు వెళ్ళి ముసలాయనను విప్పింది. లోపల చేరిన పొట్టంతా ఊదింది. ఫ్యానుకు నూనెచుక్క వేసింది. ఇంటికి తెచ్చుకునేదే కదా అని సొంత డబ్బు పెట్టి మెమరీ కొని తగిలించింది. అది చకచకా నడిచింది. మర్నాడు ఓనరు కిందికి వస్తే, చంటిపిల్ల నడక చూపించినట్టు మురిసిపోతూ చూపించింది.

“బాగుందే! నేను దీన్ని పారేద్దామనుకున్నాను,” అన్నాడాయన.

“పారేసేటట్టయితే నేను తీసుకెళ్తానండీ. ఇంటి దగ్గర పనికొస్తుంది.”

“ఇంత బాగా నడుస్తుంటే పారెయ్యడం ఎందుకమ్మా? కెమెరాలు పెట్టిద్దామని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. నా గదిలో బొమ్మ చూసుకోవడానికి ఇది చాలు. నీ చెయ్యి మంచిది.”

చెయ్యి మంచిదట! అక్క ఫోనులో ఈ మాట చెప్పినప్పుడు కోపం ఆపుకోలేక పక్కనున్న కుర్చీని తన్నాను. చేతులారా చేసుకుంది, ఎవరిని అనాలి?

కెమెరాలు వచ్చాయి. ఒకటి గేటు మీద, ఒకటి కలప మీద, ఒకటి సరిగ్గా అక్క కుర్చీ మీద. పెట్టిన వారంలోనే మేడ మీంచి ఫోను. “కుర్చీ ఖాళీగా ఉందేంటమ్మా? గంట ఇంకా కొట్టలేదుగా?” అక్క బావ సంగతి చెప్పుకుంది. ఆయన పాపం అన్నాడు. ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతారని కూడా అన్నాడు. అప్పటినుంచి మధ్యాహ్నం పక్కింటి పెద్దామె వచ్చి బావకు గ్లాసుడు పాలు పడుతోంది. ఒత్తిగిలించే బలం ఆమెకు లేదు. బావ వీపు మీద పుండు లేచింది.

నేను సెలవు పెట్టి చూడ్డానికి వెళ్ళేసరికి పుండు కొంచెం మానుతోంది. ఏమిటా అంటే, మేడ మీది ముసలాయన ఆగిపోయాడు. కెమెరా బొమ్మ రావడం లేదు, అక్క మళ్ళీ ఇంటికి పరుగెత్తుతోంది. ఆ సంతోషం మేమింకా చెప్పుకుంటుండగానే ఓనరు ఫోను చేశాడు.

“దీన్ని ఓసారి చూడమ్మా. పనికిరాదంటే చెప్పు, కొత్తది తెప్పిస్తాను.”

“దాని పని అయిపోయిందని చెప్పవే అక్కా! ఇప్పుడైనా నీ చేతులు కట్టేసుకో!” అని అరిచాను.

“చెప్తే కొత్తది తెస్తాడే. అది రోజంతా రికార్డు చేసి దాచిపెడుతుందట. ఈ పాతదైతే ఆయన చూస్తున్నప్పుడే చూపిస్తుంది. ఆయన టీ తాగడానికి బయటికి వెళ్తే నేను లేవచ్చు.”

అక్క స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని డిపోకు వెళ్ళింది. సాయంత్రానికి బాగుచేసింది.

సెలవు అయిపోయి నేను మర్నాడే మా ఊరికి వచ్చేశాను. ఆ వారమంతా ఓనరు టీ పైకే తెప్పించుకున్నాడు. పొద్దున అక్క పడుకోబెట్టిన వైపే బావ సాయంత్రం దాకా ఉన్నాడు.